క్లారినెట్టు కథ – మన వాద్యవిద్యార్థులకొక సలహా

మన పూర్వులు వాద్యములను నాలుగు తెగలుగా విభజించిరి. తంత్రులు గలది తతము, గాలితో పలుకునది సుషిరము, చర్మము కప్పినది అవనద్ధము, లోహముతో మ్రోగునది ఘనము. భరతముని నాట్యశాస్త్రమున చేసిన ఈ విభాగము నేటికిని చెక్కుచెదరలేదు. ఏ దేశమునుండి ఏ క్రొత్త వాద్యము వచ్చినను ఈ నాలుగింటిలో ఏదో యొకదాని క్రింద దానికి చోటు సిద్ధముగనే యున్నది. వేణువు, సన్నాయి కూర్చున్న సుషిరవాద్యముల పీటపై రెండు వందల యేండ్ల లోపుననే వచ్చి కూర్చున్న పరదేశి క్లారినెట్టు. మన పల్లెలలో దీనినే క్లారియొనెట్టు అనియు పిలుతురు.

ఈ రజతోత్సవ సంచికలో క్షేత్రమాహాత్మ్యములను గూర్చియు, కవిపండితులను గూర్చియు వ్రాయువారు పలువురు గలరు. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నేను ఈ వాద్యమును గూర్చి వ్రాయబూనుటకు కారణమొకటి కలదు. మన కోనసీమలో పెండ్లి ఊరేగింపులలోను, తీర్థములలోను బ్యాండు మేళములో క్లారినెట్టు పట్టిన పిల్లవాడు రెండు మూడేండ్లు నేర్చిన పిమ్మట, తొలుత కొన్న చవక వాద్యము చాలక, రెండవది కొనదలచును. అప్పుడు ఇంటివారు అప్పు చేయుదురు. ఆ అప్పుతో కొన్నది శ్రుతికి నిలువనిదైనచో, రెండు పెండ్లి ఋతువుల సంపాదన వడ్డీకే పోవును. పిల్లవాడు తన విద్యయందే లోపమున్నదని తలచి వాద్యమును అటకపై పెట్టును. ఒక విద్య అట్లు ఆగిపోకుండుటకు కొంత చరిత్ర, కొంత లెక్క తెలిసియుండుట మేలు.

పుట్టుక

జర్మనీ దేశమున న్యూరెంబర్గు అను నగరము కలదు. అచ్చట యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ (1655–1707) అను వాద్యనిర్మాత యుండెను. అంతకు ముందు ఐరోపాలో చలుమో అను చిన్న గొట్టపు వాద్యము వాడుకలో నుండెను. దాని ధ్వని మధురమేగాని స్థాయి పరిమితము. డెన్నరు 1700 ప్రాంతమున దానికి పైస్థాయి నందించు మీట నమర్చి క్రొత్త వాద్యమును రూపొందించెనని చరిత్రకారులు చెప్పుదురు. అదియే క్లారినెట్టు.

ఇచ్చట ఒక విశేషమును గ్రహింపవలెను. మన సన్నాయి పైన సన్నముగా, క్రిందికి పోనుపోను వెడల్పుగా నుండును. దానిలో గట్టిగా నూదినచో అదే స్వరము పైస్థాయిలో పలుకును. క్లారినెట్టు లోపలి గొట్టము ఇంచుమించు ఒకే వెడల్పున నుండును. ఊదు కొన మూసినట్లే పనిచేయును. కావున షడ్జమమునకు పెట్టిన వ్రేళ్ళతోనే పైస్థాయికి పోయినచో పైషడ్జమము రాదు; దానికిని పైనున్న పంచమము వచ్చును. సన్నాయి నేర్చి క్లారినెట్టునకు వచ్చువాడు మొదట తడబడుట ఇందువలననే. ఈ రెండు స్థాయులును ఒకదానితో నొకటి కలియునట్లు రంధ్రములను తొలుచుటయే నిర్మాత నైపుణ్యము. చవక వాద్యమునకును మంచి వాద్యమునకును గల అసలు భేదము ఇచ్చటనే తేలును.

1791లో మోజార్టు అను మహాసంగీతకారుడు ఈ వాద్యమునకై ప్రత్యేకముగ ఒక దీర్ఘరచన చేసెను. అప్పటి వాద్యమునకు మీటలు కొద్ది. 1812లో ఇవాన్ ముల్లరు అనునతడు పదమూడు మీటల క్లారినెట్టును పారిసు సంగీత విద్యాలయపు పండితుల ముందుంచగా వారు దానిని నిరాకరించిరి. అయినను వాదకులు దానిని విడువలేదు. దాని నుండియే పిమ్మట బ్రస్సెల్సు నగరమున యూజీన్ ఆల్బర్టు మెరుగుపరచిన ఆల్బర్టు పద్ధతి వచ్చినది. మరియొక వైపున, మ్యూనిక్కువాడైన బోయెమ్ వేణువునకు కనిపెట్టిన ఉంగరపు మీటలను చూచి, క్లోజే అను వాదకుడును బుఫే అను నిర్మాతయు క్లారినెట్టుకు అమర్చిరి. 1839లో పారిసు ప్రదర్శనమున అది వెలువడినది. 1844లో దానికి హక్కుపత్రము లభించినది. దీనినే నేడు బోయెమ్ పద్ధతి యందురు. సామాన్యముగ దీనికి పదునేడు మీటలు, ఆరు ఉంగరములు. ప్రస్తుతము అంగళ్ళలో దొరకు క్రొత్త వాద్యములలో అధికభాగము ఈ పద్ధతివే.

తంజావూరిలో తెలుగు నేర్చినది

పరదేశి వాద్యము మన సంగీతమునకు లొంగుట క్రొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) ఫిడేలును కర్ణాటక సంగీతమునకు తెచ్చెను. పిమ్మట మన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుగువారి ఇంటి వాద్యమైనది. 1919లో విజయనగరమున నెలకొన్న సంగీత కళాశాలలో వారు ఫిడేలు బోధించి, 1936లో దాని అధ్యక్షులైరి.

క్లారినెట్టు మార్గమును అదియే. తంజావూరు నేలిన రెండవ శరభోజి (పాలన 1798–1832) ఆస్థానమున పాశ్చాత్య పద్ధతి బ్యాండు నుండెను. ఆ నగరమున నాట్యమేళములను నడపిన నట్టువనారులలో మహాదేవ నట్టువనారు క్లారినెట్టును నాట్యమేళములోనికి తెచ్చెనని సంగీత చరిత్రలు చెప్పుచున్నవి. అంతకు ముందు ఆ స్థానమున ముఖవీణ యుండెడిది. నాట్యకత్తె అభినయించు పదములు క్షేత్రయ్యవి. ఆ ఊరి సమీపమున తిరువయ్యారున త్యాగరాజస్వామి (1767–1847) రచించిన కృతులు అత్యధికభాగము తెలుగువి. ఆ కారణముచేత ఈ జర్మను వాద్యము దక్షిణదేశమున మొదట పలికిన సాహిత్యము తెలుగే యని చెప్పుట సాహసము కాదు. గోదావరికి రాకమునుపే కావేరి యొడ్డున అది మన భాష నేర్చినది.

పిమ్మటి కాలమున తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ (జననము 1931) దీనిని పూర్తి కచేరీ వాద్యముగ నిలిపిరి. నాదస్వరమును అభ్యసించిన వారగుటచే గమకములను క్లారినెట్టుపై పలికించిరి. 2022లో వారికి పద్మశ్రీ బిరుదు లభించినది. మీటల వాద్యమున గమకము రాదను వాదమునకు వారి వాదనమే సమాధానము. రంధ్రమును సగము మూయుట, వ్రేలిని నెమ్మదిగ జార్చుట, పెదవి బిగువును మార్చుట – ఈ మూడింటితో స్వరము స్వరములోనికి జారును. ఆల్బర్టు పద్ధతిలో ఉంగరములు తక్కువగుటచే వ్రేలిని జార్చుట సులభమని మన విద్వాంసులు పలువురు దానినే ఇష్టపడిరి. విద్యార్థి ఏ పద్ధతిని ఎన్నుకొనవలెనని అడిగినచో నా సమాధానము ఒకటే: తన గురువు ఏది వాయించునో అదియే. రెండింటికి వ్రేళ్ళు వేరు. నడుమ మార్చినచో ఏడాది శ్రమ నష్టము.

పటాలము నుండి పల్లెకు

నాట్యమేళము ఒక దారి. పటాలపు బ్యాండు మరియొక దారి. ఆంగ్లేయుల సేనలలోని బ్యాండ్లను చూచి సంస్థానాధీశులు తమ కొలువులలో బ్యాండ్ల నేర్పరచుకొనిరి. మైహరు సంస్థానమున అల్లావుద్దీన్ ఖాన్ మహాశయుడు 1918 ప్రాంతమున అనాథబాలలను చేరదీసి వాద్యబృందమును తీర్చెను. ఆయన స్వయముగ యౌవనమున క్లారినెట్టు నేర్చినవారు. మీరటు నగరమున 1885లో స్థాపితమైన నాదిర్ అలీ కంపెనీ మొదలుగ బ్యాండు వాద్యముల పరిశ్రమ పెరిగి, దేశమంతటికి వాద్యములు అచ్చటినుండి చేరినవి.

మన సీమ సంగతి చూతము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిమ్మట ఈ లంకలలోను, మెరకలలోను వరి, కొబ్బరి పండి పల్లెలు కుదుటబడినవి. పంట నిలిచినచోట పండుగ నిలుచును. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కూడునపుడును, భీష్మైకాదశినాడు అంతర్వేదిలో లక్ష్మీనృసింహస్వామి రథము కదలునపుడును మేళము లేని ఉత్సవమును ఊహింపజాలము. సన్నాయి, డోలు విద్యను తరతరములుగ నాయీబ్రాహ్మణ కుటుంబములు కాపాడినవి. తెలుగునాట దూదేకుల ముస్లిము కుటుంబములును ఈ విద్యను పోషించినవి. కరవదికి చెందిన షేక్ చినమౌలానా (1924–1999) కీర్తి శ్రీరంగము వరకు వ్యాపించినది. సన్నాయి ప్రక్కన బ్యాండు మేళము వెలసినపుడు పాట నెత్తుకొను బాధ్యత క్లారినెట్టుపై పడినది. కొమ్ములు, డ్రమ్ములు ఎన్ని మ్రోగినను పాటలోని మాట వినబడునది దాని నుండియే. నేడు పెద్ద ధ్వనిపెట్టెలు ఊరేగింపు బండ్లపై నెక్కినవి. వానితో పోటీపడి నిలువవలెనన్న వాదకుని శ్రుతి నిర్దుష్టముగ నుండవలెను. ఇక కొనుగోలు విషయమునకు వచ్చెదను.

పాత వాద్యమున దాగియున్న చిక్కు

పాత ఆంగ్లదేశపు క్లారినెట్టు చవకగ దొరికినదని సంతోషించువారు ముందు దాని శ్రుతి చరిత్ర తెలిసికొనవలెను. ఒకప్పుడు ఆంగ్లేయ పటాలపు బ్యాండ్లు మిక్కిలి హెచ్చు శ్రుతిలో వాయించెడివి. సెకండునకు 440 కంపనములు గల స్వరమును వారు సుమారు 452గ పెట్టుకొనిరి. 1920ల చివర వారు దానిని విడిచిరి. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశమున 440 ప్రమాణముగ నిర్ణయింపబడినది. కాని పాత హెచ్చు శ్రుతి వాద్యములు చేతులు మారుచు మిగిలినవి. హార్మనీ పెట్టెపై ఒక మెట్టుకును దాని ప్రక్క నల్లమెట్టుకును గల దూరములో ఇది ఇంచుమించు సగము. మెడ భాగమైన బ్యారెలును బయటికి లాగినంత మాత్రమున ఈ భేదము తీరదు. పైస్వరములు ఎక్కువగను, క్రిందిస్వరములు తక్కువగను దిగి, ఉన్న సంబంధము చెడును. అట్టి వాద్యములపై కొన్నింటికి ఆంగ్లమున హెచ్.పి. అను ముద్ర యుండును. తక్కువ శ్రుతి వానికి ఎల్.పి. అని యుండును. ముద్ర లేనిచో చేతిఫోనులోని శ్రుతి చూపు సాధనముతో పరీక్షింపవలెను.

పాత ఆంగ్ల వాద్యములలో మరియొక చిక్కు గలదు. బూసీ అండ్ హాక్సు వారి 1010 వంటి వాని లోపలి గొట్టము సుమారు 15.2 మిల్లీమీటర్లు, నేటి ఫ్రెంచి పద్ధతి వానిది 14.6 నుండి 14.8 వరకు. వెడల్పు గొట్టమునకు తగిన మౌత్‌పీసు వేరుగ నుండును. నేటి మౌత్‌పీసును దానికి తగిలించినచో రెండు స్థాయులును కలియవు. పాతదానిని కొనువాడు దాని పాత మౌత్‌పీసునుకూడ అడిగి తీసికొనవలెను.

ముందు మౌత్‌పీసు

విద్యార్థికి నేను చెప్పు మొదటి మాట ఇది. ఉన్న వాద్యము గాలి పోకుండ నున్నచో, క్రొత్త వాద్యముకంటె ముందు మంచి మౌత్‌పీసు కొనవలెను. పుట్టిన నాదము రూపుదిద్దుకొనునది అచ్చటనే. పారిసులో 1905లో స్థాపింపబడిన వాండొరెన్ వంటి సంస్థల మౌత్‌పీసుల వెల మధ్యమశ్రేణి చెక్క క్లారినెట్టు వెలలో సుమారు పదవ వంతునకు మించదు. చవక వాద్యముతో వచ్చు మౌత్‌పీసును మార్చినంతనే స్వరము తేటపడుట తరచుగ జరుగును. మార్చినను తేటపడనిచో అప్పుడే దోషము గొట్టమునందున్నదని నిర్ణయింపవలెను.

మౌత్‌పీసు కొనకును, దానిపై కట్టిన రీడు కొనకును నడుమ నుండు సందు ముఖ్యము. వాండొరెన్ వారి 5ఆర్‌విలో ఇది 1.065 మిల్లీమీటర్లు, బి45లో 1.195. భేదము వెంట్రుకవాసి, ఫలితము పెద్దది. సందు చిన్నదైనచో నాదము కుదురుగ నుండును, కొంచెము గట్టి రీడు కావలెను. సందు పెద్దదైనచో మెత్తని రీడుతో పెదవి విరివిగ కదలును, గమకము సులభమగును, ఆరుబయట ధ్వని దూరము పోవును. కాని శ్రుతిని పట్టి నిలుపుటకు పెదవిలో బలముండవలెను. కావున రెండు మూడేండ్ల విద్యార్థి 1.05 నుండి 1.10 వరకు గలదానిని, రెండున్నర నెంబరు రీడును తీసికొనుట క్షేమము. పెదవి గట్టిపడి ఊరేగింపులలో వాయించు దశకు వచ్చిన పిమ్మట పెద్ద సందునకు పోవచ్చును. సన్నాయి పీకపై చిన్ననాడే అభ్యాసమున్న పిల్లవానికి మాత్రము మొదటినుండి పెద్దది కుదురవచ్చును.

వాడిన మౌత్‌పీసును కొనునపుడు వెలుతురునకెత్తి చూడవలెను. కొన విరిగియుండరాదు; రెండు అంచులును సమానముగ నుండవలెను. చాలవరకు ఇవి ఎబొనైటు అను గట్టి రబ్బరుతో చేయబడును. వేడినీటితో కడిగినను, ఎండలో వదలినను అది రంగు మారును, వంకరపోవును. గోరువెచ్చని నీరు చాలును. రీడు ఒక జాతి రెల్లుతో చేయబడునది గనుక త్వరలో అరుగును. మూడు నాలుగింటిని వంతులవారీగ వాడినచో ఎక్కువ కాలము నిలుచును.

వాద్యమును పరీక్షించుట

ఇప్పుడు గొట్టము సంగతి. చవక వాద్యమునకును కచేరీ వాద్యమునకును నడుమ మధ్యమశ్రేణి యొకటి గలదు. బుఫే వారి ఇ11, యమహా వారి 450 ఈ కోవలోనివి. ఆఫ్రికా నల్లచెక్కతో చేయబడును. యమహా వారి 255 వంటివి గట్టి ప్లాస్టికుతో చేయబడును. చెక్కదని వినగనే మనవారికి గౌరవము హెచ్చు. కాని మన వాతావరణమును లెక్కించవలెను. ఇది ఉప్పుగాలి, తేమ, నడివేసవి ఎండ గల సీమ. చల్లని ఇంటినుండి మండుటెండలోనికి, ఎండనుండి వర్షములోనికి మార్చినచో చెక్క పైభాగము బీటలువారును. అతుకులు తేమకు ఉబ్బి ఇరుకగును. ఉక్కు స్ప్రింగులు తుప్పుపట్టును. ఆరుబయట ఊరేగింపులే జీవనమైన వానికి మంచి ప్లాస్టికు గొట్టము, మంచి మౌత్‌పీసు గౌరవలోపము కాదు. గుడి మంటపమున, సభలయందు వాయించువాడు చెక్కదానిని కొనవచ్చును. అట్లు కొన్నచో తొలివారములలో రోజునకు కొద్దిసేపే ఊది, ప్రతిసారి లోపలి తడిని గుడ్డతో లాగివేయవలెను.

వాడిన వాద్యమును పరీక్షించుటకు నాలుగు పనులు చేయవలెను. మొదటిది, భాగములను విడదీసి ఒక్కొక్కదాని రంధ్రములను వ్రేళ్ళతో మూసి, క్రింది కొనను అరచేత నొక్కి, పైనుండి గాలిని పీల్చవలెను. బిగువు కొన్ని క్షణములు నిలిచినచో ప్యాడ్లు బాగున్నవి. రెండవది, పైభాగమున రంధ్రముల చుట్టును సన్నని బీటలున్నవేమో వెలుతురున వెదకవలెను. మూడవది, మీటలను పట్టి ప్రక్కలకు కదల్చి చూడవలెను. పేరులేని చవక వాద్యముల మీటలు పోతలోహముతో చేయబడి, వంగినచో సరిచేయుటకు రాక విరుగును. నాలుగవది, తంబురాశ్రుతి పెట్టుకొని ప్రతి స్వరమును నిదానముగ నిలిపి, షడ్జమమును దాని పై పంచమముతో పోల్చి వినవలెను. ఈ నాలుగవ పరీక్షను కొనువాడే చేయుటకంటె గురువుచేత చేయించుట ఉత్తమము. వెండిపూత, నికెలుపూత, పెట్టె అందము – వీనికి పైకము హెచ్చుగ నీయనక్కరలేదు.

చివరగ లెక్క. నూరు రూపాయలు చేతనున్నచో ఎనుబది వాద్యమునకు, పది మౌత్‌పీసునకు, పది రీడ్లకు, ప్యాడ్లకు, మరమ్మతునకు కేటాయించుట మంచిదని నా అభిప్రాయము. మనవారు నూరును వాద్యమునకే పోసి, ఆపైన ఒక ప్యాడు ఊడినచో ఆరు నెలలు దానిని మూల పెట్టుదురు. బాగుచేయువాడు ఎంత దూరమున నున్నాడో కొనకముందే విచారింపవలెను.

కార్యవర్గమువారికి ఒక మనవి. ఇరువదియైదేండ్లుగ మన గ్రంథాలయము కొనలేనివానికి పుస్తకమును అరువిచ్చి చదివించినది. అదే విధముగ భిన్నమైన సందులు గల రెండు మంచి మౌత్‌పీసులను ఒక చిన్న పెట్టెలో నుంచి, శుభ్రపరచు నియమముతో, ఏదైన కొనదలచిన విద్యార్థికి వారము రోజులు పరీక్షకై ఇచ్చినచో, ఒక్కొక్క కుటుంబమునకు తప్పు కొనుగోలు తప్పును. అందుకగు ఖర్చు ఒక బీరువా వెల కూడ కాదు. పుస్తకముల చిట్టాలో దీనికొక పద్దు వేసికొనుటకు నేను సిద్ధముగ నున్నాను. న్యూరెంబర్గున పుట్టి, తంజావూరిలో తెలుగు నేర్చి, మన కాలువగట్టులకు చేరిన ఈ వాద్యము మన పిల్లల చేతులలో శ్రుతి తప్పక నిలుచుగాక యని కోరుచున్నాను.